మగబాతు కన్ను

జుమున్‌జిన్ రేవు నుంచి పిల్లని చూడటానికి వచ్చినావిడ మా పెద్దమ్మ గదిలో అడుగుపెట్టి, కూర్చోమన్నా కూర్చోకుండా, నేరుగా గోడ దగ్గరికి నడిచింది. దండెం మీద బట్టలు కనబడకుండా కప్పిన తెల్లగుడ్డ అంచు పట్టుకుని తిరగేసింది. ముందువైపు కుట్టిన దేవదారు చెట్టునీ, దాని కింద లేళ్లనీ చూడలేదు. వెనకవైపు చూసింది. వెలుతురు పడేలా గుడ్డని కిటికీ వైపు వంచి, కంటికి దగ్గరగా పెట్టుకుని, చాలాసేపు చూసింది.

"ఇది ఎవరి చెయ్యి?" అంది.

మా గాంగ్నుంగ్‌లో పెళ్లీడు పిల్ల ఉన్న ప్రతి ఇంట్లోనూ గోడకి అలాంటి గుడ్డ ఒకటి వేలాడుతుంది. సంబంధానికి వచ్చినవాళ్లు పిల్ల మొహం కంటే ముందు దాన్ని చూస్తారు. ఈ గుడ్డ మాత్రం ఆ పొద్దుటిదాకా వాకిలి పక్కన మా గదిలో ఉండేది. "ఒక్కపూట ఇవ్వవే, మళ్లీ పంపేస్తా," అని పెద్దమ్మే వచ్చి తీసుకుపోయింది. నాన్న పోయాక అమ్మా నేనూ ఆ గదిలోనే ఉంటున్నాం. పెదనాన్న ఇంట్లో ఒక్కపూటకని వెళ్లినవేవీ మా గదికి తిరిగి రాలేదు.

"మా హ్యేరాన్‌దేనండీ," అంది పెద్దమ్మ. "చిన్నప్పట్నుంచీ దీనికి సూదే లోకం. అన్నానికి పిలిచినా లేవదు."

నేను చెక్కు తీసిన నారింజరంగు గామ్ పళ్ల పళ్లెం పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. అప్పుడు ఊరంతా గామ్ పళ్ల కాలం. చూరుల కింద తొక్క తీసిన పళ్లు దండలు దండలుగా వేలాడుతూ ఎండుతున్నాయి. అరుగు మీద అమ్మ కత్తితో తొక్క తీస్తోంది. పెద్దమ్మ మాట ఆమెకీ వినబడింది. కత్తి ఆగలేదు.

హ్యేరాన్ అక్క తల వంచుకుని, రెండు చేతులూ పావడా మడతల్లోకి దోపుకుంది. సూది పట్టని వేళ్లు నున్నగా ఉంటాయి కదా, అవి కనబడతాయని భయం. జుమున్‌జిన్ ఆవిడ ఎదురుగా కూర్చుని మెల్లగా అంది:

"దాచుకోకమ్మా. మా ఇంట్లో ఆ చెయ్యి దాచుకోనక్కర్లేదు."

"సిగ్గండీ దానికి," అని పెద్దమ్మ నవ్వింది.

ఆ మాటకి అర్థం ఆ గదిలో నాకొక్కదానికే తెలిసింది. పళ్లెం కింద నా ఎడం చేతిని ఇంకాస్త లోపలికి జరుపుకున్నాను.

నాది పుర్రచెయ్యి. మా వైపు పుర్రచేతి పిల్లకి సంబంధాలు రావు. అన్నాల దగ్గర అమ్మ నా ఎడం చేతిని గుడ్డతో నడుముకి కట్టేసి కుడిచేత్తో చెంచా నేర్పింది. చెంచా నేర్చుకున్నాను, చీపురు నేర్చుకున్నాను, పెద్దలకి కుడిచేత్తో అందించడం నేర్చుకున్నాను. సూది మాత్రం నేర్చుకోలేదు. తలుపు మూసుకుని ఎడంచేత్తోనే కుట్టేదాన్ని. పట్టుదారాన్ని కూడా ఎడం తొడ మీద ఎడం అరచేత్తో పేనేదాన్ని. అందరి దారమూ ఒకవైపు మెలి తిరిగితే నాది రెండోవైపు తిరిగేది. కుట్లు కూడా అంతే. ఈదురుగాలికి పడిన వరిచేనులా అన్నీ ఒకే పక్కకి వాలేవి, అందరి కుట్లూ వాలే పక్కకి కాదు. "అంత లోతుగా ఎవరు చూస్తార్లే," అనేది అమ్మ.

చూసే మనిషి వచ్చింది. చూసింది. ఎందుకు చూడగలిగిందో ఆవిడ వెళ్లేటప్పుడు తెలిసింది. అరుగు దిగుతూ తూలబోయి స్తంభం పట్టుకుంది, ఎడంచేత్తో. అంతసేపూ అన్నీ కుడిచేత్తోనే చేసింది. పడబోయే మనిషి చెయ్యి అబద్ధమాడదు. నిలదొక్కుకుని, ఆ చేతిని కుడి చేత్తో కప్పుకుని, ఎవరైనా చూశారా అని చుట్టూ చూసింది. నేను పళ్లెంలోకి చూశాను.

వాకిట్లో ఉండగానే సంబంధం ఖాయమైంది. దానికి ఆవిడ ఒక్క కోరికే కోరింది. "మంచం తలవైపు నిలబెట్టుకునే తెర ఉంటుంది కదా, రెండు రెక్కలది. మా ఇంట్లో ఆనవాయితీ ఏంటంటే, ఒక రెక్క పిల్ల పుట్టింట్లో కుట్టి తెచ్చుకుంటుంది. రెండో రెక్క అత్తగారి పక్కన కూర్చుని కుడుతుంది. జత బాతులు. ఆడబాతు ఇక్కడ, మగబాతు అక్కడ."

"దానికేం, రెండ్రోజుల పని మా అమ్మాయికి," అంది పెద్దమ్మ.

*

సాయంత్రం పెద్దమ్మ మా గదికి వచ్చింది. కూర్చోలేదు.

"విన్నావుగా. తెర రెక్క, దిండ్ల చివర బిళ్లలు, చెంచాల సంచి, ఇంకో దండెం గుడ్డ. చలికాలానికి కిమ్చీ పచ్చడి పెట్టేలోపు అన్నీ అయిపోవాలి."

అమ్మ అంది, "అక్కా, ఆవిడ ఎవరు కుట్టారని కదా అడిగింది. ఎవరు కుడితే వాళ్లనే చేసుకుందామని కదా..."

"అయితే?"

"అయితే ఏం లేదు. అడిగానంతే."

"ఎవరి బియ్యం తింటూ కుట్టారు? ఎవరి దీపం కింద కుట్టారు? మా చెట్టు మీద కాసిన పండు పక్షి తిన్నంత మాత్రాన పక్షిది అయిపోదు." నా వైపు తిరిగింది. "అయినా ఈ పుర్రచెయ్యి దాన్ని చూపిస్తే ఆవిడ గడప కూడా తొక్కకుండా వెళ్లిపోయేది. నీ మేలు కోరే చెప్పలేదే."

ఒక్క మాట చాలు. 'పెద్దమ్మా, ఆవిడ కోరుకున్నది పుర్రచెయ్యినే' అంటే చాలు. అప్పుడు పెద్దమ్మ మొహం ఎలా మారుతుందో కూడా ఊహించుకున్నాను. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. నేను దాన్ని మింగలేదు, దాచుకున్నాను. రెండూ వేరు. మింగిన మాట కడుపులో కరిగిపోతుంది.

"కుడతాను పెద్దమ్మా," అన్నాను.

"మరి ఆవిడ పక్కన కూర్చుని కుట్టాలన్నప్పుడో?" అంది అమ్మ.

"అప్పటి సంగతి అప్పుడు. పెళ్లయ్యాక వెనక్కి పంపుతారా ఏంటి?"

ఆ రాత్రి నాలో నేను వెతుక్కున్నాను, ఎక్కడ మండుతోందా అని. పెళ్లికొడుకు గున్‌హోని నేను చూసిందే లేదు. ఎలా ఉంటాడో తెలుసుకోవాలని కూడా లేదు. ఆ ఇల్లు, వాళ్ల పడవలు, చేపలెండే బల్లలు, వీటిలో దేనికీ మనసు కొట్టుకోలేదు. నా మనసు పదేపదే వెళ్లింది గుడ్డని తిరగేసిన ఆ చేతి దగ్గరికే. పుట్టినప్పట్నుంచీ నన్ను ఎవరూ అలా తిరగేసి చూడలేదు. అమ్మ కూడా. నా నుంచి లాక్కున్నది మొగుణ్ణి కాదు, అత్తగారిని. ఇది ఎవరికైనా చెబితే నవ్వుతారు. చెప్పలేదు.

*

"కుడిచేత్తో కుట్టు," అంది అమ్మ, నేను చట్రానికి పట్టుగుడ్డ బిగిస్తుంటే. "నీ చెయ్యని ఎక్కడా తెలియకూడదు. తెలిస్తే ముందు రోడ్డున పడేది మనమే."

"కుడిచేత్తో బాగా రాదమ్మా."

"రాకపోతేనేం. మనదా?"

నేను ఎడంచేత్తోనే మొదలుపెట్టాను. అమ్మ చూసింది. దారాలు విడదీసి ఇవ్వడం మానలేదు, మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అమ్మకి కూడా ఎక్కడో కోరిక ఉందేమో. ఆమె ఎన్నడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

అంత బాగా నేను అంతకుముందు ఎప్పుడూ కుట్టలేదు. తామరాకుల మధ్య ఆడబాతు. రొమ్ము దగ్గర ఈకలు లేత గోధుమరంగులో మొదలై, పొట్ట దగ్గరికి వచ్చేసరికి బూడిదరంగులోకి జారాలి, ఎక్కడ జారిందో తెలియకూడదు. ఒక్కో ఈకకీ దారం వేరుగా పేనాను. ప్రతి కుట్టునీ వీలైనంత వాలుగా, వీలైనంత నాదిగా వేశాను. మామూలుగా కప్పిపుచ్చుకునే చోట్లన్నీ ఈసారి విప్పి పెట్టాను. చూసే మనిషికి ఒక్క ఈక చాలు, ఇది ఏ చెయ్యో తెలియడానికి. చూడటం రానివాళ్లకి ఎన్నాళ్లు చూసినా బాతే.

హ్యేరాన్ అక్క మధ్యాహ్నాలు వచ్చి, కింద కాలే పొయ్యి సెగకి వెచ్చబడ్డ నేల మీద బోర్లా పడుకుని కాల్చిన చెస్ట్‌నట్‌లు ఒలుచుకు తినేది. చెడ్డ మనిషని చెప్పలేను. చెప్పగలిగితే నాకు సుఖంగా ఉండేది.

"ఏమేవ్, ఈ బాతు ఎందుకే ఇంత బిగుసుకుపోయింది? అత్తగారి ముందు కూర్చున్నట్టుంది."

"నువ్వు వెళ్లి కూర్చున్నాక తెలుస్తుంది."

"నిజం చెప్పు, నీకు కోపంగా లేదూ?"

"దేనికి?"

"దేనికో. నాకైతే కోపం వచ్చేది." ఒలిచిన చెస్ట్‌నట్ నా నోట్లో పెట్టింది, నా చేతులు ఖాళీ లేవని. "అమ్మ అంతేనే. నేనేం అనగలను చెప్పు. ఆ రోజు నోరు తెరిస్తే నా వీపు విమానం మోత మోగేది."

నేను నమిలాను. తియ్యగానే ఉంది.

ఇంకో రోజు బెంగగా వచ్చింది. "యోన్‌సిల్, ఆవిడ చట్రం ముందు పెట్టి కూర్చోమంటే ఏం చెయ్యనే? నాకు దారం ఎక్కించడమే రాదు."

"వేలు తెగిందని చెప్పు. కూరలు తరుగుతుంటే తెగిందను. గుడ్డ చుట్టుకో."

"ఎన్నాళ్లు?"

"మానేదాకా. ఈలోగా నన్ను పిలిపించు. ఆవిడ చూడకుండా కుట్టేసి వస్తాను."

అక్క మొహం విప్పారింది. "ఏ వేలు?"

నేను సూది దించి, ఆమె కుడిచెయ్యి అందుకున్నాను. చూపుడువేలు పట్టుకున్నాను. నున్నగా, వెచ్చగా ఉంది. "ఇది," అన్నాను.

*

పెళ్లయింది. మేళాలూ కోళ్లూ నూడిల్స్ కుండలూ అన్నీ పెద్దమ్మ కోరుకున్నట్టే జరిగాయి. తెర రెక్కని అందరూ చూసేలా వసారాలో నిలబెట్టారు. ఊరి ఆడవాళ్లు దాని ముందు వంగి వంగి చూసి, "హ్యేరాన్ చెయ్యి బంగారం," అన్నారు. నేను వంటింట్లోంచి గిన్నెలు మోస్తూ ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. ప్రతిసారీ ఒక పుల్ల పొయ్యిలో పెట్టినట్టు ఉండేది.

క్యాబేజీలు ఉప్పులో ఊరేసి కిమ్చీ జాడీలు పాతిపెట్టే రోజుల్లో, జుమున్‌జిన్ నుంచి చేపలమ్మే ఆవిడ ఒకామె కబురు తెచ్చింది. కోడలుపిల్ల వేలికి దెబ్బ తగిలింది, చెల్లెల్ని పంపమంటోంది అని.

పెద్దమ్మ నన్ను గాదె వెనక్కి తీసుకెళ్లింది. "నువ్వు వెళ్లు. రొట్టెలూ తీపి వడియాలూ ఇస్తాను, అవి ఇవ్వడానికి వచ్చానని చెప్పు. ఆవిడ చేపల బల్లల దగ్గరికి వెళ్లినప్పుడల్లా కాస్త కాస్త కుట్టు. ఆవిడ ముందు మాత్రం ఆ చెయ్యి చాపకు. విన్నావా? ఆ పుర్రచెయ్యి కనబడితే మా పరువు పోతుంది."

"చాపను పెద్దమ్మా."

బస్సు సముద్రం పక్కనే వెళ్లింది. ఒళ్లో మూటలు పెట్టుకుని, వాటి మీద ఎడంచెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. ఎవరి నుంచీ దాచనక్కర్లేని ఆ దారి అంతా అది అక్కడే ఉంది.

జుమున్‌జిన్ ఆవిడ గదిలో అప్పటికే చట్రం సిద్ధంగా ఉంది. రెండో రెక్క, గీత గీసి ఉంది. పుట్టింటి రెక్క దాని పక్కనే గోడకి ఆనించి ఉంది. చేపల వాసన, నేల కింద కాలుతున్న దేవదారు పుల్లల వాసన. అక్క బిక్కచచ్చి కూర్చుంది. కుడి చూపుడువేలికి బొంగరంలా గుడ్డ చుట్టుకుంది.

నేను వంగి నమస్కారం చేశాను. ఆవిడ తల ఊపి, అక్క వైపు తిరిగింది.

"మీ చెల్లెలు వచ్చిందిగా, ఇక బెంగ లేదు. రా, ఇవాళ మొదలుపెడదాం."

"అత్తయ్యా, వేలు ఇంకా..."

"కుడి వేలే కదమ్మా తెగింది," అంది ఆవిడ. "పైన కుట్టే చెయ్యి బాగానే ఉందిగా."

అక్కకి అర్థం కాలేదు. ఆవిడ నవ్వుతూనే ఉంది. "ఎవరూ లేరు ఇక్కడ, గున్‌హో పడవ మీదికి వెళ్లాడు. మన ముగ్గురమే. కుడిచెయ్యి చట్రం కింద పెట్టుకో. నేనూ అలాగే కుడతాను." తన ఎడంచెయ్యి చట్రం మీద పెట్టి చూపించింది. మణికట్టు లోపలివైపు పాత మచ్చ, చర్మం ముడుచుకుపోయి. "మా అత్తగారు నిప్పుకర్రతో పెట్టిన బహుమతి ఇది. అయినా మానలేదు. రామ్మా."

సూదికి దారం ఎక్కించి అక్క ఎడంచేతికి ఇచ్చింది. అక్క తీసుకుంది. ఎడంచేతి వేళ్ల మధ్య ఆ సూది చేపముల్లులా అడ్డంగా నిలబడింది. గుడ్డలోకి గుచ్చబోయి చట్రం కర్రలోకి గుచ్చింది. తీసి మళ్లీ గుచ్చింది. అలవాటు కొద్దీ సూది కుడిచేతిలోకి మార్చుకుంది. అప్పుడు గుడ్డ చుట్టిన వేలు గుర్తొచ్చి ఆగిపోయింది. తల ఎత్తి నా వైపు చూసింది.

నేను ఆమె వైపు చూడలేదు. గోడకి ఆనించిన ఆడబాతు వైపు చూశాను.

జుమున్‌జిన్ ఆవిడ మొహంలో నవ్వు ఒక్కసారిగా పోలేదు. నీళ్లు ఇసకలోకి ఇంకినట్టు మెల్లగా ఇంకిపోయింది. పెట్టెలోంచి చిన్న కత్తెర తీసి, చిక్కుపడ్డ దారాన్ని తెంపడానికన్నట్టు, ఎవరికన్నది చెప్పకుండా ముందుకి చాపింది.

పెద్దలు ఇచ్చేది రెండు చేతులతో తీసుకోవాలి. లేదా కుడిచేత్తో. నేను ఎడంచెయ్యి ఒక్కటే చాపాను.

ఆవిడ నా వేళ్లు చూసింది. చూపుడువేలి పక్కన సూది గట్టిపరిచిన చర్మం మీద బొటనవేలితో ఒకసారి రాసింది.

"పళ్లు తెచ్చిన పిల్లవు కదూ," అంది.

"అవునండీ."

"ఆ రోజు ఎందుకు చెప్పలేదు?"

"నన్ను అడగలేదండీ."

*

నేను ఆ ఇంట్లో ఉండిపోయాను. మగబాతు పూర్తయ్యేదాకా ఉండమంది ఆవిడ. కబురు మాత్రం పెద్దమ్మకి ఇంకోలా వెళ్లింది, 'కుట్టుపనిలో సాయానికి ఉంచుకున్నాం' అని.

చట్రం ముందు ఆవిడా నేనూ పక్కపక్కన. మామూలుగా పుర్రచేతి మనిషి ఎవరి పక్కన కూర్చుని కుట్టినా మోచేతులు కొట్టుకుంటాయి. మావి కొట్టుకోలేదు. మాటలు కూడా తక్కువే. "ఈ రెక్క దగ్గర నారింజ రంగు కొంచెం తగ్గిద్దామా?" "తగ్గిద్దాం." నా జీవితంలో అంత సుఖపడిన రోజులు ముందూ లేవు, తర్వాతా లేవు.

ఆ సుఖంలో సగం అక్కని చూడటం. అక్క ఇప్పుడు నీళ్లు మోస్తోంది, చేపలు తిరగేస్తోంది. మధ్యాహ్నం మా ఇద్దరికీ అన్నం బల్ల తెచ్చి పెట్టి, వెనక్కి నడుస్తూ తలుపు మూస్తోంది. వేలికి గుడ్డ ఎప్పుడో తీసేసింది. ఆ చేతులు నున్నగా లేవు. ఒకసారి బావి దగ్గర నన్ను పట్టుకుంది.

"ఆవిడది పుర్రచెయ్యని నీకు తెలుసు."

"తెలుసు."

"మా ఇంటికి వచ్చిన రోజే తెలుసు."

"ఆ రోజే."

"ఒక్క మాట చెప్పుంటే నేను ఈ సంబంధమే వద్దనేదాన్నే."

"పెద్దమ్మ ముందా?"

అక్క బకెట్ ఎత్తింది. నీళ్లు సగం ఒలికాయి. నేను ఆమె వెళ్లేదాకా చూసి, తర్వాత బావి దగ్గర చేతులు కడుక్కున్నాను. పట్టు మీద తడి మరక పడకూడదని బాగా తుడుచుకున్నాను.

మొదటి మంచు పడిన రోజు పెద్దమ్మ వచ్చింది, కొత్త పావడా కట్టుకుని, వెనక పెదనాన్న చేత మూటలు మోయించుకుంటూ. పెదనాన్న గడియారం లాంటి మనిషి, చెవి ఒగ్గితే తప్ప ఉన్నాడని తెలియదు. జుమున్‌జిన్ ఆవిడ మర్యాదలన్నీ చేసింది. బార్లీ నీళ్లు ఇచ్చింది, చేపల పులుసు పెట్టించింది. తర్వాత, చుట్టుపక్కల ఆడవాళ్లు కూడా కోడలి పుట్టింటివాళ్లని చూడటానికి వచ్చి కూర్చున్నాక, ఆడబాతు రెక్కని తెప్పించి పెద్దమ్మ ముందు నిలబెట్టింది.

"వదినగారూ, ఇది ఎవరి చెయ్యి?"

అవే మాటలు. అదే గొంతు.

పెద్దమ్మ నన్ను చూసింది. నేను ఎడంచేత్తో సూది పట్టుకుని, చట్రం ముందు, అందరి మధ్యా కూర్చుని ఉన్నాను. పెద్దమ్మ కూతుర్ని చూసింది. కూతురు తలుపు దగ్గర ఖాళీ పళ్లెంతో నిలబడి ఉంది, ఆ రోజు నేను నిలబడ్డట్టు.

"మా... మరిది కూతురిది," అంది పెద్దమ్మ.

"వినబడలేదు."

"మా మరిది కూతురిదండీ. యోన్‌సిల్‌ది."

"ఊఁ," అంది జుమున్‌జిన్ ఆవిడ. "పులుసు చల్లారుతోంది, తినండి."

పెద్దమ్మ తేలు కుట్టిన దొంగలా తింది. ముల్లు గుచ్చుకున్నా పైకి తీయలేదనుకుంటాను. ఆ తర్వాత మమ్మల్ని వాకిలి గదిలోంచి పంపేసే ధైర్యం ఆమెకి లేకపోయింది, పంపితే జుమున్‌జిన్‌లో అడుగుతారు కాబట్టి. నా పని అయిపోయిందనే అనుకోవాలి. అడిగినదంతా దొరికింది. అయినా సాయంత్రానికి నా లోపల ఏదో ఇంకా ఆకలిగా కూర్చునే ఉంది. అన్నం పెట్టినకొద్దీ ఒళ్లు చేసే జంతువులాంటిదేమో అది.

*

మగబాతుకి కన్ను ఒక్కటే మిగిలింది. కన్ను చివర్న కుట్టాలి. అది సరిగ్గా కుదిరితే, తెర నిలబెట్టినప్పుడు మగబాతు ఆడబాతు వైపు చూస్తుంది.

"ఆ కన్ను అక్కని కుట్టమనండి," అన్నాను.

ఆవిడ సూది ఆపింది. "ఎందుకు?"

"కాపరం వాళ్లది కదా. వాళ్ల మంచం తలవైపే ఉంటుంది. ఆమె చెయ్యి కూడా కొంచెం పడాలి."

మనసులో ఉన్నది వేరు. అంత తీర్చిదిద్దిన బాతుకి అక్క చేత్తో కుట్టిన కన్ను, పుండులా. వచ్చిన ప్రతివాళ్లూ చూడాలి. ఉన్నన్నాళ్లూ ఆమె తల దగ్గరే ఉండాలి.

ఆవిడ నా మొహంలోకి చూసింది. గుడ్డని తిరగేసి చూసినట్టే. ఆ చూపు నాకు అలవాటైపోయింది కాబట్టి, మొదటిసారి భయం వేసింది.

"కాపరం కోసమేనా?"

"కాపరం కోసమే."

"నీ చేతికి అబద్ధం రాదు," అంది. "నోటికి బాగానే వచ్చు." తలుపు వైపు తిరిగి పిలిచింది. "హ్యేరాన్."

అక్క ఆ మధ్యాహ్నమంతా కూర్చుంది. కుడిచేత్తో. కుట్టింది, విప్పింది, మళ్లీ కుట్టింది. చెమట పట్టిన వేళ్లలో దారం మాసింది. నేను పక్కన కూర్చుని, అడిగితే చెప్పడానికన్నట్టు చూస్తూ ఉన్నాను. ఆమె అడగలేదు. నల్లదారం పక్కన తెల్లచుక్క ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టలేదు. ఒక పక్కకి పోయింది. కన్ను ఆడబాతు వైపు కాకుండా గదిలోకి, ఎదురుగా ఉన్నవాళ్ల వైపు తిరిగింది. కాస్త మెల్లకన్నులా, కాస్త ఆశ్చర్యపోయినట్టు. నేను కోరుకున్నదానికంటే బాగా పాడైంది.

అప్పుడే గున్‌హో పడవ నుంచి వచ్చాడు. అక్క వెనక నిలబడి, వంగి చూశాడు.

"ఇదేంటి, నన్నే చూస్తోంది," అన్నాడు. పక్కకి జరిగాడు. "ఇటొచ్చినా చూస్తోంది. ఎవరు కుట్టారిది?"

"నేనే," అంది అక్క, ఏడుపు గొంతుతో.

"దీనికి నా మొహం పెట్టావేంటి? వలలో ఏమీ పడనప్పుడు నేను ఇలాగే చూస్తాను."

అక్క నవ్వింది. ఆ ఇంటికి వచ్చాక మొదటిసారి అనుకుంటాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆపుకోలేక నవ్వింది. అతను కూడా నవ్వాడు. జుమున్‌జిన్ ఆవిడ దారాలు సర్దుకుంది. నేను లేచి కిటికీ మూశాను. చలిగాలి వస్తోంది.

మర్నాడు బస్సు ఎక్కేటప్పుడు ఆవిడ ఆ చిన్న కత్తెర నా చేతిలో పెట్టింది. "నీ చేతికి సరిపోతుంది," అంది. మళ్లీ రమ్మని అనలేదు.

నేను వెళ్తూనే ఉన్నాను, ఏదో ఒక పని మీద. తెర వాళ్ల మంచం తలవైపే ఉంటుంది. ఆడబాతు రొమ్ము మీద రంగు ఎక్కడ జారిందో ఇప్పటికీ ఎవరూ పట్టుకోలేరు. ఎవరూ పట్టుకోవాలని చూడరు కూడా. గదిలోకి వచ్చినవాళ్లు నేరుగా ఆ కన్ను దగ్గరికి వెళ్తారు. "అబ్బ, దీనికి ప్రాణం ఉంది," అంటారు. పిల్లలు అటూ ఇటూ పరిగెత్తి అది తమని చూస్తోందో లేదో చూసుకుంటారు. "ఎవరి చెయ్యి?" అని అడుగుతారు. "నాదే," అంటుంది అక్క, అబద్ధం లేకుండా.

ఆ తర్వాత నన్ను కూర్చోబెట్టి, బార్లీ నీళ్లు తేవడానికి వంటింట్లోకి వెళ్తుంది. గదిలో నేనూ బాతూ మిగులుతాం. కత్తెర నా పావడా జేబులోనే ఉంటుంది, ప్రతిసారీ. ఆ కంట్లో రెండు కుట్లు తెంపితే చాలు. చెయ్యి జేబులోకి వెళ్తుంది, ఎడంచెయ్యి. బాతు నన్ను చూస్తుంది. ఈలోగా అక్క నీళ్లు పట్టుకుని వచ్చేస్తుంది.

ఇంకా తెంపలేదు.